మీకు తెలుసా? ఇంటికొచ్చే రెండు వేలు

బనగానపల్లె బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో 'మినీ బ్యాంకు' అని బోర్డు పెట్టుకున్న చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. లోపల ఒక బల్ల, ఒక సెల్‌ఫోను, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన వేలిముద్రల మిషను, అంతే. ఆమధ్య అలాంటి గదిలో నా ముందు నిలబడ్డ ఒక అవ్వ వేళ్లు చూశాను. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి తడి బండలు ఎత్తిన వేళ్లవి. బొటనవేలి మీద గీతలే లేవు. బండ ఎంత నునుపో వేలూ అంత నునుపుగా ఉంది.

బొటనవేలు పెడితే మిషను ఒప్పుకోలేదు. చూపుడువేలూ అంతే. గదిలోని పిల్లవాడు విసుక్కోకుండా ఆమె చెయ్యి గుడ్డతో తుడిచి, "ఉంగరం వేలు పెట్టవ్వా, గట్టిగా అదుము" అన్నాడు. నాలుగోసారికి పని అయింది.

"పడినాయా నాయనా?"

"పడినాయవ్వా, రెండు వేలు. కొడుకా పంపింది?"

"కూతురు. అల్లుడూ అదీ బెంగుళూరికి బేల్దారి పనికి పోయినారు."

నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి చెంగున ముడి వేసుకుంది. ఆ ముడిలోని రెండు వేలు ఆ ఇంటి పేదరికాన్ని ఎంత తగ్గిస్తుంది? ప్రపంచమంతటా ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా లెక్క కడుతున్న ప్రశ్న ఇది. ప్రభుత్వమిచ్చే డబ్బు సంగతి కాదు. మనిషి మనిషికి పంపే డబ్బు సంగతి. ఈసారి శీర్షికంతా దానికే.

నూటికి అయిదు రూపాయలు

మన తపాలా శాఖ మనియార్డర్ మొదలుపెట్టింది 1880లో. తర్వాతి రోజుల్లో కట్టిన ప్రతి ఇరవై రూపాయలకూ రూపాయి కమీషన్, అంటే నూటికి అయిదు. ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకునే చోటుండేది. చదువు రాని ఇంట్లో పోస్టుమానే ఆ ముక్కలు చదివి వినిపించి, సాక్షిని పిలిచి, నిశాని వేయించుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడు. డబ్బూ కబురూ ఒకే చేతి మీదుగా వచ్చిన కాలమది. 2008లో ఎలక్ట్రానిక్ మనియార్డర్ వచ్చింది. 2015లో పాత పద్ధతిని ఆపేశారు.

ఆ నూటికి అయిదు ఎక్కువనిపిస్తుందా? ఈనాటికీ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి రెండు వందల డాలర్లు పంపాలంటే ప్రపంచ సగటు ఖర్చు నూటికి ఆరు దాటే ఉంది. 2030 నాటికి దాన్ని మూడుకన్నా తక్కువకు దించాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది.

కువైట్ డబ్బు కాదు, బెంగుళూరు డబ్బు

బయటినుంచి వచ్చే డబ్బు అనగానే మనకు గల్ఫ్ గుర్తొస్తుంది. పక్కనున్న కడప, రాయచోటి వైపు కువైట్ డబ్బుతో లేచిన మేడలు చూసినవాళ్లం కదా. భారతదేశానికి 2023-24లో విదేశాల నుంచి వచ్చిన సొమ్ము 118.7 బిలియన్ డాలర్లని రిజర్వ్ బ్యాంకు లెక్క. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. తెలంగాణ వాటా 8.1, కేరళది 19.7. ఒకప్పుడు గల్ఫ్‌దే పైచేయి. ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద వాటా అమెరికాది, 27.7 శాతం.

అమెరికాలో ఉద్యోగం చేసే బిడ్డ పంపే డాలర్లు ఏ ఇంటికి వస్తాయో వేరే చెప్పక్కర్లేదు. బిడ్డను అంత చదివించగలిగిన ఇంటికి వస్తాయి. గల్ఫ్‌కు పోవాలన్నా వీసాకూ ఏజెంటుకూ టికెట్టుకూ ముందు చేతిలో డబ్బుండాలి. లేకపోతే వడ్డీకి తేవాలి. నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి తెచ్చి పోయినవాడి మొదటి సంపాదన ఇంటికి రాదు, అప్పిచ్చినవాడి ఇంటికి పోతుంది.

అందుకే అట్టడుగు ఇంటికి వచ్చేది మన దేశంలోనే ఒక ఊరినుంచి ఇంకో ఊరికి నడిచే డబ్బు. దాని మీద వార్తలు తక్కువ, చర్చ తక్కువ. చిన్మయ్ తుంబే అనే ఆర్థికవేత్త జాతీయ నమూనా సర్వే లెక్కలు పట్టుకుని 2011లో ఈ డబ్బు జాడ తీశారు. 2007-08లో దేశం లోపల ఇలా నడిచిన సొమ్ము సుమారు పది బిలియన్ డాలర్లు. అందులో 80 శాతం పల్లె ఇళ్లకే చేరింది. పల్లెల్లో పదిళ్లలో దాదాపు ఒక ఇంటికి ఈ డబ్బు అందేది. అందిన ఇళ్లలో ఇంటి ఖర్చులో 30 శాతానికి పైగా దీనితోనే గడిచేది.

ఇంకొక సంగతి. ఆ సొమ్ములో 70 శాతం ఆ రోజుల్లో బ్యాంకునూ పోస్టాఫీసునూ ముట్టకుండానే ఊరు చేరింది. పండక్కి ఊరికొచ్చే బంధువు జేబులోనో, బస్సు డ్రైవరు చేతికిచ్చిన కవరులోనో, మేస్త్రీ దగ్గరనో.

గీత దాటకపోయినా

ఇక అసలు ప్రశ్న. రిచర్డ్ ఆడమ్స్, జాన్ పేజ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 71 అభివృద్ధి చెందుతున్న దేశాల లెక్కలు కలిపి చూసి 2005లో ఒక మాట చెప్పారు: తలకు వచ్చే విదేశీ సొమ్ము పది శాతం పెరిగితే, పేదరికంలో ఉన్నవాళ్ల నిష్పత్తి 3.5 శాతం తగ్గుతోంది. ఈ మాటను ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇదే ఆడమ్స్ గ్వాటెమాలా దేశం మీద చేసిన ఇంకో పని ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

అక్కడ ఆయన చూసింది ఇది. ఇంటికొచ్చే డబ్బు వల్ల పేదరికపు గీత దాటి పైకొచ్చినవాళ్లు చాలా తక్కువ. పేదల సంఖ్య ఒకటి రెండు శాతమే తగ్గింది. అంతమాత్రం చూసి ఆగిపోతే, ఈ డబ్బు వల్ల ఒరిగిందేమీ లేదనుకుంటాం. కానీ పేదరికపు తీవ్రతను, అంటే గీతకు ఎంత కింద నలుగుతున్నారన్న దాన్ని లెక్క కడితే, అది దాదాపు అయిదో వంతు తగ్గింది. డబ్బందుకుంటున్న ఇళ్లలో అన్నిటికన్నా అడుగున ఉన్న పదో వంతు ఇళ్లకు మొత్తం రాబడిలో సగానికి పైగా ఈ డబ్బే.

చెరువులో దిగినవాళ్లను తలచుకోండి. ఒకడు మోకాలి లోతున ఉన్నాడు, ఇంకొకడు ముక్కు దాకా మునిగి ఉన్నాడు. నీళ్లు జానెడు తగ్గితే ఇద్దరూ ఇంకా నీళ్లలోనే ఉన్నట్టు లెక్క. మోకాలి లోతువాడికి పెద్ద తేడా తెలియదు. రెండోవాడికి ఊపిరి ఆడుతుంది. బ్యాంకు గదిలో అవ్వకు వచ్చిన రెండు వేలు ఆమెను ఏ గీతా దాటించదు. అంగట్లో బాకీ తీరుస్తుంది, బీపీ మాత్రలు కొనిస్తుంది, నెలాఖరున వడ్డీకి చెయ్యి చాచకుండా కాపాడుతుంది. పథకాల నివేదికల్లో 'ఇంతమంది గీత దాటారు' అన్న అంకె ఒక్కటే చూసేవాళ్లు ఈ జానెడు నీళ్లను లెక్కలోకి తీసుకోవాలని నా కోరిక.

సుగ్గి

కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి, మంత్రాలయం, ఆస్పరి పల్లెల్లో ఒక మాట ఉంది: సుగ్గికి పోవడం. ఖరీఫ్ పనులు అయిపోగానే ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు లారీలూ బస్సులూ ఎక్కుతారు. అక్కడ కోసిన కాయకు కిలోల లెక్కన కూలి. ఊళ్లో ముసలివాళ్లూ, తాళాలు వేసిన ఇళ్లూ మిగులుతాయి. తోడు పోయిన పిల్లల బడి అక్కడితో ఆగుతుంది. అందుకోసమే ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. నంద్యాల వైపు ఎస్సార్బీసీ, కేసీ కాలువల కింద నీళ్లున్న ఊళ్లది వేరే కథ. పని దొరికే కాలంలో బయటివాళ్లే ఇటు వస్తారు.

సుగ్గి డబ్బు నెలనెలా రాదు. మనిషితో పాటే ఒక్కసారిగా ఊరికి వస్తుంది. ఈలోగా ఊళ్లో ఉన్న ముసలి తల్లి ఎట్లా గడపాలి? ఈ 'ఈలోగా' అన్నది చాలా పెద్ద సంగతి. అదెంత పెద్దదో బంగ్లాదేశ్‌లో తేలింది.

ఆ దేశపు ఉత్తరాన గైబంధా జిల్లా ఉంది. వరి నాటు పడ్డాక కోత దాకా పనులుండవు. ఆ ఆకలి నెలలకు అక్కడివాళ్లు మొంగా అని పేరు పెట్టుకున్నారు. అక్కడినుంచి ఢాకాకు పనికి పోయినవాళ్లనూ, ఊళ్లో ఉన్న వాళ్ల ఇళ్లవాళ్లనూ జతలు జతలుగా తీసుకుని పరిశోధకులు ఒక చిన్న పని చేశారు. సగం జతలకు బికాష్ అనే మొబైల్ ఖాతా తెరిపించి, దాన్ని వాడడం చేయి పట్టి నేర్పారు. ఏడాది తిరిగేసరికి నేర్చుకున్నవాళ్లు ఇంటికి పంపిన డబ్బు 26 శాతం పెరిగింది. ఊళ్లో ఇంటి వినియోగం 7.5 శాతం పెరిగింది. అడుగంటిన పేదరికం తగ్గింది. అప్పులు తగ్గాయి. ఆకలి నెలల్లో తిండి మెరుగుపడింది. అంటే పంపాలన్న మనసు ముందునుంచే ఉంది. పంపే దారి లేక ఆగింది.

కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా అనే మొబైల్ డబ్బు సేవ సంగతీ ఇలాంటిదే. దాని వల్ల 1,94,000 కుటుంబాలు, ఆ దేశపు ఇళ్లలో రెండు శాతం, పేదరికం నుంచి బయటపడ్డాయని తవ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో లెక్క తేల్చారు.

గైబంధా కథలో రెండో ముక్క కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఢాకాలో ఉన్నవాళ్ల ఆరోగ్యం దెబ్బతిన్నది. ఊళ్లో ఇంటికి సుఖం పెరిగిన కొద్దీ, పంపేవాళ్లు తమ ఒళ్లు బాగుండడం లేదని చెప్పారు. బెంగుళూరులో ఇటుకలు మోస్తున్న కూతురి లెక్క బనగానపల్లె రసీదులో కనిపించదు. ఆమె ఒక పూట టిఫిను మానుకుని పంపిందో, అదనంగా ఓటీ చేసి పంపిందో తల్లికీ తెలియదు.

పెళ్లి సంబంధంలో బీమా

హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ 1975 నుంచి కొన్ని మెట్ట ఊళ్లలో ఇంటింటి జమాఖర్చులు ఏళ్ల తరబడి రాయించింది. వాటిలో అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లె, దోకూరు మన తెలుగు ఊళ్లు. మొదట తీసుకున్నవాటిలో మిగతావి మహారాష్ట్రవి. ఈ పుస్తకాల్లోని లెక్కలు ప్రపంచమంతా తిరిగాయి.

మార్క్ రోజెన్‌జ్వేగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో వాటిని చూసి ఒక విచిత్రం పట్టుకున్నారు. పంట మీద నమ్మకం తక్కువున్న ఇళ్లవాళ్లు ఆడపిల్లను దూరపు ఊరికి ఇస్తున్నారు. ఎందుకు? కరువొస్తే పక్క ఊరికీ వస్తుంది. పక్కింటివాడి దగ్గరా గింజలుండవు. దూరాన వాన పడిన ఊళ్లో వియ్యంకుడుంటే ఆ ఏడాది తిండికి ఆసరా. అలా ఇచ్చిన ఇళ్లలో మంచి ఏడాదికీ చెడ్డ ఏడాదికీ తిండి ఖర్చులో తేడా తక్కువగా ఉందని తేలింది. మన పెద్దవాళ్లు ఈ మాట ఇలా విడమరిచి చెప్పి ఉండరు. కానీ సంబంధం మాట్లాడేటప్పుడు 'ఆ ఊరికి కాలువ నీళ్లున్నాయా' అని అడగడం మనందరం విన్నదే.

అవే ఊళ్ల లెక్కలతో రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఇంకో సంగతి చెప్పారు. ఒక ఇంటికి జబ్బు చేసినా, పని పోయినా, ఆ ఇంటి తిండి మరీ పడిపోవడం లేదు. ఊరి సగటుతో పాటే నడుస్తోంది. చేబదుళ్లూ, అప్పులూ, ఇచ్చిపుచ్చుకోవడాలూ కలిసి ఊరే ఒక బీమా కంపెనీలాగా పనిచేస్తోందన్నమాట. అయితే చూసిన మూడు ఊళ్లలో ఒకదానిలో భూమి లేనివాళ్లకు ఆ బీమా మిగతావాళ్లకంటే తక్కువగా అందింది. తిరిగి ఇవ్వగలిగినవాడికే ఎవరైనా ముందు ఇస్తారు.

పెళ్లి పందిట్లో చదివింపుల పుస్తకం చూడండి. పేరు, ఊరు, ఎదురుగా అంకె. అందరూ దాన్ని దాచుకుంటారు, రేపు వాళ్లింట్లో శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి కాబట్టి. ఆ డబ్బుతో పెళ్లి ఖర్చులో కొంత గట్టెక్కుతుంది, నిజమే. కానీ రెండు వందలు చదివించగలిగినవాళ్ల బంధువులు కూడా రెండు వందలు చదివించేవాళ్లే.

ఎవరూ లేని ఇల్లు

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది. మనుషులు పంపే డబ్బు బంధుత్వం వెంట నడుస్తుంది, అవసరం వెంట కాదు. చేరిన ఇంట్లో అది చేసే మేలుకు సాటి లేదు. మధ్యలో దరఖాస్తు లేదు, కార్డు లేదు, ఎవరి సంతకం లేదు. కానీ పంపే మనిషే లేని ఇల్లు ఉంటుంది. పిల్లలు లేని విధవ, కొడుకు పోయిన ముసలాయన, వదిలేసిన భర్త జాడ తెలియని ఆడమనిషి. పేదల్లో పేదలు తరచుగా వీళ్లే. బెంగుళూరులోనో కువైట్‌లోనో ఎంత సంపాదన పెరిగినా వీళ్ల ఖాతాలో ఏమీ పడదు. సగటు లెక్కల్లో ఊరు బాగుపడినట్టు కనిపించే కొద్దీ వీళ్లు కంటికి ఆనరు.

ఇక్కడ ప్రభుత్వ పింఛనే దిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకూ, వితంతువులకూ 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. 'ప్రభుత్వం ఇస్తే పిల్లలు పంపడం మానేస్తారు' అని కొందరంటారు. దక్షిణాఫ్రికాలో రాబర్ట్ జెన్సెన్ దీన్ని కొలిచి 2004లో ప్రచురించారు. ముసలివాళ్లకు పింఛను ఒక రూపాయి పెరిగితే, పిల్లలు పంపేది పావలా నుంచి ముప్పై పైసల దాకా తగ్గింది. ముప్పావలాకు కాస్త అటూఇటూగా ఇంట్లోనే నిలిచింది. తగ్గిన పావలా కూడా ఆ పిల్లల ఇళ్లలోనే ఉంది, వాళ్లూ పేదలే. ఇక పంపేవాళ్లే లేని ఇంట్లో తగ్గడానికి ఏముంది? రూపాయికి రూపాయీ అక్కడే ఉంటుంది.

నవాబుల ఊళ్లో ఒక పద్ధతి

బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. నేటికీ ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరు. రంజాన్ నెలలో ఇక్కడ చేతులు మారే జకాత్ అనే విధి దానం కూడా ప్రైవేటు డబ్బే. ఏడాదంతా నిలిచిన, ఒక హద్దు దాటిన సంపదలో నూటికి రెండున్నర. దాని నియమాల్లో ఒకటి నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. తల్లిదండ్రులకూ, తాత అవ్వలకూ, సొంత బిడ్డలకూ జకాత్ ఇవ్వకూడదు. వాళ్లను పోషించడం ఎటూ నీ బాధ్యతే, దాన్ని ఇందులో చూపించి చేతులు దులుపుకోవద్దని అర్థం. పేదలైన తోబుట్టువులకు ఇవ్వొచ్చు, పొరుగువాళ్లకు ఇవ్వొచ్చు. పుచ్చుకోదగినవాళ్లలో మొదట చెప్పిన పేర్లు ఫకీర్లవీ మిస్కీన్లవీ, అంటే ఏమీ లేనివాళ్లవి. బెంగుళూరు నుంచి వచ్చే రెండు వేలు ఏ గడప దగ్గర ఆగుతుందో, ఈ డబ్బు ఆ గడప దాటి పోవాలని పెట్టిన నియమమిది.

ఫిత్రా ఇంకొకటి. కలిగినవాళ్ల ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది పేరునా, పొత్తిళ్లలో బిడ్డ పేరున కూడా, మనిషికి రెండు కిలోలకు కాస్త అటూఇటూగా గోధుమలు, లేదా వాటి ఖరీదు. చిన్న మొత్తమే. కానీ దానికి గడువుంది: ఈద్ నమాజుకు ముందే ఇచ్చేయాలి. నమాజు అయ్యాక ఇస్తే మామూలు దానం కిందికి పోతుంది. అందుకే పండగ ముందు రాత్రి ఇళ్లలో లెక్క కట్టి, ఎవరి ఇంటికి ఎంతో విడివిడిగా పొట్లాలు కడతారు. తెల్లవారి పిల్లలు వాటిని పట్టుకుని సందుల్లోకి బయల్దేరతారు. నమాజుకు జనం కదిలే వేళకు అవతలి ఇంట్లో పొయ్యి వెలగాలి.